వదిన లెవెల్

"టీ పెట్టు పద్మా. ఆ చేత్తోనే కథ కూడా ఒకటి రాసిపెట్టు" అన్నాడు బావ, మేడమెట్ల మీంచి తొంగిచూసి.

అప్పుడు నేను పులుసులోకి చింతపండు పిసుకుతున్నాను. టీకీ కథకీ మధ్య అతను ఊపిరి కూడా తీసుకోలేదు. రెండూ ఒకే రకం పనులు అతనికి. ఇంట్లో ఎలాగూ జరిగిపోయేవి, అడిగితే చాలు వచ్చేవి. "ఏ కథ?" అని నేను అడిగేలోపు చెప్పుల చప్పుడు పైకెళ్ళిపోయింది.

బావ అంటే నా భర్త తిరుమలరావు. మా నాన్న చెల్లెలు జగ్గమ్మత్త పెద్దకొడుకు. కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డున మా రెండిళ్ళూ ఒకప్పుడు ఒకే వీధిలో ఉండేవి. మావయ్య ఐసు వ్యాపారం పెట్టి శ్రీకాకుళం వచ్చేశాక ఇంట్లో చేపల మాట తగ్గింది, అగరొత్తుల వాసన పెరిగింది. బావ రాజాంలో ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. అది మానేసి, తమ్ముడు గోవింద్‌తో కలిసి మేడ మీది గదిలో ఫోన్ గేములు తయారుచెయ్యడం మొదలుపెట్టాడు. అది 2017. డేటా చవకైపోయి, కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడ్డవాళ్ళూ, కొట్లో కూర్చున్నవాళ్ళూ, పెళ్ళిపందిట్లో పెద్దమనుషులూ అందరూ ఫోన్ల మీదికి వంగిపోయిన కాలం. "ఈ వంగిన తలలన్నీ మనవే పద్మా" అనేవాడు బావ. నాకది నచ్చేది. కలలు కనే మనిషిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది, ఆ కలకి అన్నం వండిపెట్టే పని తనదే అని తెలిసేవరకూ.

నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. పెళ్ళికి ముందు ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి ప్రోగ్రాములు రాయడం నేర్పేదాన్ని. ఆ సంగతి వచ్చినప్పుడల్లా బావ "ఆ డిగ్రీలో నేర్పేదేటి, కంప్యూటర్ ఆన్ చెయ్యడం, ఆఫ్ చెయ్యడం" అనేవాడు పదిమందిలో. మొదటిసారి నేనూ నవ్వాను. అలా నవ్వడం పొరపాటని తర్వాత తెలిసింది. ఒకసారి నవ్వితే అది మన అనుమతి కింద లెక్క.

మేడ మీద నాకు టీలు కాక మరో పని ఉండేది. "వదినా, ఒకసారి రా" అని గోవింద్ కేకేసేవాడు. స్టవ్ సిమ్‌లో పెట్టి వెళ్తే, ఫోన్ నా చేతికిచ్చి నా వెనక నిలబడేవాడు. నేను ఎక్కడ ఆగిపోతానో, ఎక్కడ తికమక పడతానో చూడాలి. నేను దాటగలిగితే ఆ మెట్టు ఎవరైనా దాటగలరని వాళ్ళ లెక్క. అన్నింటికంటే సులువైన మెట్టుకి గోవింద్ "వదిన లెవెల్" అని పేరు పెట్టాడు. వేళాకోళానికి మొదలైనది స్థిరపడిపోయింది. ఫోన్లో బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు కూడా "వదిన లెవెల్ అయిపోనాది, నార్మల్ లెవెల్ సేస్తన్నాం" అనేవాడు. మేడ మీద బొమ్మలు గీసే యమున అనే అమ్మాయి, బావ పాత స్టూడెంటు, అది విన్నప్పుడల్లా తల దించుకునేది. ఆమె పని కూడా నా పనిలాంటిదే. సర్టిఫికెట్టు ఇస్తామని చెప్పి ఊరికే చేయించుకుంటున్నారు.

ఆడగా ఆడగా నేను అన్ని లెవెళ్ళూ దాటేస్తున్నానని ఎవరూ గమనించలేదు. ఒకరోజు గోవింద్ ఆగిపోయిన చోట నేను సులువుగా దాటితే "లక్కు వదినా" అన్నాడు. కానీ ఆ ఆటల వల్ల నాకొకటి అర్థమైంది. తెర నల్లబడేది, అక్షరాలు వచ్చేవి, "అనగనగా ఒక వీరుడు" అని. అప్పుడు వేళ్ళకి పని లేదు. అక్షరాలు పోయాక వీరుడు పీపాల మీంచి గెంతేవాడు. అప్పుడు మనసుకి పని లేదు. ఆ గెంతేవాడు వీరుడైనా కోతైనా ఒకటే. ఆడేవాళ్ళందరూ మూలనున్న "స్కిప్" నొక్కి అక్షరాలు దాటేసేవారు. "చూశావా, జనానికి కథ అక్కర్లేదు" అనేవాడు బావ. నాకు మాత్రం అన్నం ఒకరోజు, కూర మర్నాడు వడ్డించి, వీళ్ళకి ఆకలి లేదు అంటున్నట్టుండేది.

రాజాం కాలేజీలో గేముల పోటీ పెట్టారు. దానికి కథకి కూడా మార్కులున్నాయట. అందుకే ఆ రోజు ఆ టీతో పాటు కథ. "సముద్రం, తెప్ప, తుఫాను. మావ కథ రాసీ" అన్నాడు బావ భోజనాల దగ్గర. మావ అంటే మా నాన్న. నేను బడికెళ్ళే వయసులో తెప్ప బోల్తా పడి చనిపోయాడు.

నాన్న కథ రాయమంటే నాకు అమ్మే గుర్తొచ్చింది. ఎందుకంటే ఈ ఇంట్లో నాన్న పేరెత్తినప్పుడల్లా జగ్గమ్మత్త నోట వచ్చే మాట ఒకటుంది. చుట్టాల ముందూ అంటుంది, పనిమనిషి ముందూ అంటుంది. "మాయన్న సముద్రంలో పోతే, ఆ గున్నమ్మ బజార్లో కూకుని బేరాలాడింది." నాకు అన్నం వడ్డిస్తూ కూడా అన్నది. కోడలైపోయాక నేను గున్నమ్మ కూతుర్నన్న సంగతి ఎదటివాళ్ళు మర్చిపోతారు కాబోలు.

ఊరెళ్ళి అమ్మని అడిగాను. వల బాగుచేస్తూ, చెయ్యి ఆపకుండానే చెప్పింది.

"ఆమదాలవలసలో పాసింజరెక్కి సీపురుపల్లి ఎల్నాను. ఒకావిడ కోనాం సేప పట్టుకుని బేరమాడతంది. మనూరి మడిసొకడు ఎతుక్కుంటా వచ్చినాడు. తెప్ప దొరికినాది, మడిసి దొరకనేదు అన్నాడు. ఎనక్కి రైలు సాయంత్రం దాకా నేదు. గంపలో సేపలు మెత్తబడిపోతన్నాయి. ఆవిడ ఇంకా బేరమాడతానే ఉన్నాది. అడిగిన ధరకి ఇచ్చీసినాను. మిగతాయీ ఆ ఈదుల్లోనే అమ్మీసినాను. ఆ ఈదిలో కూలబడి ఏడిస్తే మరి నెగనేను. నాను నెగకపోతే మీకు కూడెవులు పెడతారు?"

"అత్త అన్ని మాటలన్నా ఎప్పుడూ బదులు చెప్పలేదేమమ్మా?"

"దాని అన్న పోయినాడు. దానికీ ఏడుపుంటాది కదే" అంది అమ్మ. నాకు కోపం వచ్చింది. అత్త మీద కాదు, అమ్మ మీదా కాదు. ఒక మనిషి ఇంత బరువు మోసి కూడా ఎదుటివాళ్ళ ఏడుపుకి చోటివ్వగలిగితే, ఆ మనిషి గురించి లోకానికి తెలిసింది "బేరాలాడింది" అన్న ఒక్క ముక్కేనా అని.

కథ రాశాను. ఆడేవాళ్ళు గున్నమ్మ అవుతారు. గంప ఎత్తుకుని నడవాలి. ఐసు కరుగుతుంటుంది. కండక్టర్ వాసనొస్తోందని బస్సెక్కనివ్వడు. రైల్లో తోటి ఆడవాళ్ళు చోటిస్తారు. వీధిలో కేకెయ్యాలి, గంప దించాలి, బేరమాడాలి, మళ్ళీ ఎవరైనా చెయ్యేస్తే ఎత్తుకోవాలి. మధ్యలో ఆ మనిషి వచ్చి కబురు చెప్తాడు. అక్కడ తెర నల్లబడదు, అక్షరాలు రావు, సంగీతం మారదు. అదే వీధి, అదే బేరం. కానీ ఇప్పటిదాకా నొక్కిన బటనే ఇప్పుడు నొక్కడానికి వేలు రాదు. కథంతా ఆ వేలి దగ్గరే ఉంది.

బావ చదివాడు. చదువుతున్నప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు, అబద్ధమెందుకు. తర్వాత కాగితాలు పక్కన పెట్టాడు.

"బాగుంది. కానీ ఇది ఆట కాదు పద్మా. ఆటంటే గెలవాలి. దీన్లో మీ అమ్మ గెలిచిందేటి?"

"మమ్మల్ని పెంచింది."

"దానికి స్కోరెలా ఇస్తాం?" అన్నాడు గోవింద్. ఇద్దరూ నవ్వారు. "వదినా, గంప మోస్తా నడవడానికి ఎవుడు డౌన్‌లోడ్ చేస్తాడు? ఇంట్లో పని సాలకనా?"

"ఇంట్లో పని నువ్వెప్పుడు చేశావు గోవింద్, చాలడానికీ చాలకపోవడానికీ?"

నవ్వు ఆగింది. బావ నా వైపు చూసి గొంతు తగ్గించాడు, చిన్నపిల్లకి నచ్చజెప్తున్నట్టు. "సూడు. మావ తెప్ప మీద ఉంటాడు. తుఫాను, సొర చేపలు. అదీ గేమ్ అంటే. ఒడ్డున పెళ్ళాం ఎదురుచూస్తా ఉంటాది. ఆఖర్న ఒడ్డుకి చేరతాడు."

"నాన్న చేరలేదు బావా."

"ఆటలో చేరతాడు. మావ నాకూ మావే కదా. నాకూ హక్కుంది."

హక్కు అన్న మాట విన్నాక నేను కిందికొచ్చేశాను. నాన్న మీద మేనల్లుడికి హక్కుంటుంది. చెల్లెలికి ఏడ్చే హక్కుంటుంది. అమ్మకి మాత్రం తన బతుకులో ఆ ఒక్కరోజు మీద కూడా హక్కు లేదు. నా మటుకు నాకు కథ రాసే హక్కు లేదు, రాసిపెట్టే బాధ్యతే ఉంది.

పోటీ దగ్గరపడే కొద్దీ మేడ మీదికి ప్లేట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాయి. నన్ను పైకి పిలవడం మానేశారు. ఒక మధ్యాహ్నం యమున వంటింట్లోకి వచ్చి, వద్దంటున్నా వినకుండా గ్లాసులు కడిగింది. "అక్కా" అని ఏదో చెప్పబోయి, గోవింద్ పిలవగానే చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

పోటీకి బావ మా అమ్మని స్వయంగా ఫోన్ చేసి పిలిచాడు. అల్లుడు పిలవడమే గొప్ప అనుకుని అమ్మ దాచుకున్న నీలం చీర కట్టుకుని రాజాం వచ్చింది. కాలేజీ గేటు దగ్గర బావ ఆమెని ఎగాదిగా చూసి, "గంప తేలేదేటత్తా? స్టేజి మీద ఫొటోకి బాగున్ను" అన్నాడు.

"గంపెందుకు బాబూ? సేపలమ్మడానికొచ్చినానేటి?" అంది అమ్మ.

హాలు నిండా విద్యార్థులు. మేమిద్దరం మధ్య వరసలో కూర్చున్నాం. పెద్ద తెర మీద "తెప్పవీరుడు" అని పేరు పడింది. సముద్రం బాగుంది, కెరటాలు బాగున్నాయి, యమున చెయ్యి తెలుస్తోంది. వీరుడు కెరటం మీంచి కెరటం మీదికి గెంతుతుంటే పిల్లలు ఈలలు వేశారు. రెండో లెవెల్లో వీరుడు ఒడ్డున బజార్లోంచి పరిగెత్తాలి. అక్కడ ఒక లావుపాటి ఆడమనిషి వచ్చింది. ఎగ్గట్టిన చీర, చెవుల దాకా సాగిన నోరు, నెత్తిన గంప. వీరుడి మీదికి చేపలు విసురుతోంది. పక్కన అక్షరాలు, "గంప గున్నమ్మ". వీరుడు ఎగిరి ఆమె నెత్తి మీద తొక్కితే "ఓలమ్మో" అని అరుస్తుంది, పాయింట్లు రాలతాయి. ఆ అరుపు గోవింద్ గొంతు. హాలు హాలంతా విరగబడి నవ్వింది. మళ్ళీ తొక్కు, మళ్ళీ తొక్కు అని వెనక వరసలోంచి కేకలు.

అమ్మకి చదవడం రాదు. కానీ గంప తెలుసు, చీర ఎగ్గట్టిన తీరు తెలుసు. ఆట ఆడుతున్న గోవింద్ "ఇప్పుడు గున్నమ్మ వస్తాది" అని మైకులో అనడం విన్నది. నా చెవి దగ్గరగా వంగింది.

"పద్మా, అది నానేటి?"

నేను అమ్మ వైపు తిరిగాను. ఇంతలో పోటీ నడుపుతున్న మేష్టారు మైకులో అడిగాడు, "కథ ఎవరిదండీ?" అని.

"టీమంతా కూర్చుని రాశాం సార్" అన్నాడు బావ. "మా ఆవిడ టీలు అందించింది." చప్పట్లు కొట్టారు. నా కోసమే కొట్టారు, టీలకి.

లేచి నిలబడ్డాను. "గున్నమ్మ మా అమ్మ పేరు. ఈవిడే. అక్కడ మీరు నెత్తి మీద తొక్కుతున్నది ఈవిడ్నే" అన్నాను.

నవ్వులు ఆగాయి. కొందరు మెడలు సాచి అమ్మని చూశారు, తెర మీద బొమ్మతో పోల్చుకుంటున్నట్టు. అదింకా ఘోరంగా ఉంది. అమ్మ నా చీరకొంగు లాగుతోంది. బావ మైకు పట్టుకుని నవ్వుమొహం పెట్టాడు. "సరదా క్యారెక్టరు సార్. పేరు మార్చేస్తాం."

"పేరు కాదు బావా" అన్నాను. కానీ అప్పటికే మేష్టారు తర్వాతి టీముని పిలిచేశాడు. ఎవరూ నన్ను దబాయించలేదు, ఎవరూ నాతో వాదించలేదు. కరెంటు పోయి వచ్చినట్టు కార్యక్రమం సాగిపోయింది. సాయంత్రం తెప్పవీరుడికి బహుమతి కూడా వచ్చింది.

అమ్మని ఊరి బస్సెక్కించి ఇంటికొచ్చేసరికి జగ్గమ్మత్త గుమ్మంలోనే ఉంది. "మొగుడి పరువు బజార్న పెట్టీసినావట. అచ్చం మీయమ్మ పోలికే."

"అవునత్తా" అన్నాను. "అమ్మ పోలికే."

బావ చాలాసేపు మాట్లాడాడు. ఒక్క బొమ్మ కోసం ఇంత రాద్ధాంతమా అన్నాడు. తన కలని నేనర్థం చేసుకోలేదన్నాడు. ఆఖరికి, "అయితే నీ కథ నువ్వే ఉంచుకో. దాన్ని ఎవుడాడతాడో నేనూ సూస్తాను" అన్నాడు. అతను కోపంలో అన్నాడు కానీ నాకు ఆ ఇంట్లో ఎవరైనా నిజంగా ఇచ్చింది అదొక్కటే. మర్నాడు నాలుగు చీరలు సర్దుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను.

నేను అలిగాననీ, వారం తిరక్కుండా వస్తాననీ అనుకున్నారు. ఫోన్లు మొదలయ్యాయి. "మినప్పప్పు ఏ డబ్బాలో ఉంది?" "గ్యాస్ పుస్తకం ఎక్కడ పెట్టావు?" నా గురించి అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు వాటిలో. అన్నింటికీ ఓపిగ్గా జవాబులు చెప్పాను. జవాబులైపోయాక ఫోన్లూ ఆగిపోయాయి.

ఒకరోజు యమున తన లాప్‌టాప్ సంచీతో బస్సు దిగింది. నా ఎదటికి రాలేదు, ముందు అమ్మ ఎదటికి వెళ్ళింది. "నేనే గీశాను అమ్మా, వాళ్ళు చెప్పినట్టు గీశాను. మేడ మీద పని మానేశాను. ఇప్పుడు నిన్ను చూసి గీస్తాను" అంది.

"నన్నేటి గీత్తావు, ఎండిపోయిన సేపలాగున్నాను" అంది అమ్మ. కానీ కూర్చుంది.

వీధరుగు మీద మా పని మొదలైంది. మర్చిపోయాననుకున్న ప్రోగ్రామింగ్ తిట్టుకుంటూ తిట్టుకుంటూ తిరిగి నేర్చుకున్నాను. మొదట చేసిన ఆట నాకే విసుగు పుట్టించింది. ప్రతి అడుగూ బరువే. యమున ఆడుతూ ఆడుతూ ఫోన్ పక్కన పెట్టేసింది. "అక్కా, కోప్పడనంటే ఒకటి చెప్తాను. మరీ కష్టమైతే కబురు వచ్చేదాకా ఎవరూ ఆడరు. సులువైతే గంపలో ఏమీ లేనట్టుంటాది." కోపం వచ్చింది. బావ మాట ఈ పిల్ల నోట విన్నట్టనిపించింది. కానీ రెండు రోజులు ఆలోచిస్తే తెలిసింది, బావ అన్నదంతా తప్పు కాదు. ఆట ఆటలా ఉండాలి. అతని తప్పల్లా అమ్మ బతుకులో ఆట లేదనుకోవడం. అమ్మనే అడిగాం. రైల్లో ఆడవాళ్ళు పాడుకునే పాటలు, టీసీని ఏమార్చడం, బేరంలో గడుసుదనం, ఏ వీధిలో ఏ ఇల్లాలికి ఏ చేప చూపిస్తే కళ్ళు మెరుస్తాయో, అన్నీ చెప్పింది. చెప్తూ పడీపడీ నవ్వింది. ఆమె అలా నవ్వగలదని నాకు తెలియదు. అవన్నీ పెట్టాం. కేక కూడా అమ్మదే రికార్డు చేశాం. "కానాగంతలమ్మా, కోనామమ్మా" అని అమ్మ కేకేస్తే పక్కింటివాళ్ళు నిజంగానే గిన్నెలు పట్టుకుని వచ్చారు.

బావ మళ్ళీ ఫోన్ చేశాడు. కొత్త గేము చేస్తున్నారట, కథ కావాలట. "వచ్చీ పద్మా. ఈసారి నీ పేరు కూడా వేస్తాం."

"నా పేరు నేను వేసుకుంటున్నాను బావా" అన్నాను. ఏటి, ఏటి అని రెండుసార్లు అడిగాడు. నేను ఫోన్ పెట్టేశాను.

ఆట పూర్తయిందనుకున్న రోజు పొద్దున్న అమ్మ చేతికి ఫోన్ ఇచ్చాం. అమ్మకి బటన్ల మీద అక్షరాలు చదివి చెప్పాను. ఇది "ఇస్తాను", ఇది "ఇవ్వను". అమ్మ వేలు మొద్దుగా, జాగ్రత్తగా కదిలింది. రైలెక్కింది. పాట విని తనూ కూనిరాగం తీసింది. ఒక ఇల్లాలితో బేరంలో గెలిచి "సూసినావా" అని నా వైపు తిరిగింది. ఆ తర్వాత చీపురుపల్లి వీధి వచ్చింది. కోనాం చేప పట్టుకుని ఒకావిడ బేరమాడుతోంది. ఆ మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు, కబురు చెప్పాడు. తెర నల్లబడలేదు. ఆవిడ ఇంకా తగ్గించమనే అడుగుతోంది. కింద రెండు బటన్లు.

అమ్మ వేలు గాల్లో ఆగిపోయింది. సరిగ్గా నేను రాసుకున్నట్టే ఆగింది. ఇదే, ఇదే కదా నాకు కావలసింది అనుకున్నాను.

"ఒలే పద్మా" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇత్తాను, ఇవ్వను. మరింకోటి నేదేటే?"

"ఇంకోటంటే?"

"ఈ రెండూ కాంది."

"లేదమ్మా."

అమ్మ తల ఊపింది. "ఆ రోజు నాకూ నేదు. ఇది ఆట కదా, ఉంటాదేమో అనుకున్నాను."

యమున నన్ను చూసింది. నేను లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కున్నాను. ఫోన్లో ఆవిడ ఇంకా చేప పట్టుకునే ఉంది, అమ్మ ఇంకా ఏదీ నొక్కలేదు.

"మూడోది పెడతానమ్మా" అన్నాను. "అది నొక్కితే ఏం చేస్తావు?"

"ఏటీ సెయ్యను" అంది అమ్మ. "కాసేపు కూకుంటాను."